పింగ్ బాగుంటే లైను బాగున్నట్టేనా? వైరింగ్ బ్యాలెన్స్ ఇవ్వాలా?

స్టూడియో_గుంటూరు: మాది పెళ్లి వీడియోల స్టూడియో. పై గదిలోని ఎడిటింగ్ సిస్టమ్ నుంచి కింద స్టోరేజ్ సిస్టమ్‌కి ఫైళ్లు కాపీ చేస్తే సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. స్విచ్, రెండు సిస్టమ్‌లూ గిగాబిట్టే (సెకనుకు 1000 మెగాబిట్లు). వైరింగ్ చేసినాయన పింగ్ (అవతలి సిస్టమ్‌కి చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే కమాండ్) కొట్టి చూపించాడు. 1 మిల్లీసెకను లోపే, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. "లైను పర్ఫెక్ట్, బ్యాలెన్స్ ఇవ్వండి" అంటున్నాడు. ఇవ్వాలా?

కేబుల్_రాము: ఇచ్చేయండి సార్. పింగ్ ఆగకుండా వస్తుంటే వైరుదెలా తప్పవుతుంది? హార్డ్ డిస్క్ చూపించుకోండి.

ప్యాకెట్_పిచ్చి: 11 దగ్గర ఆగిందంటేనే అనుమానం రావాలి. 100 మెగాబిట్లను 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు. ప్రతి ప్యాకెట్‌కీ తగిలించే హెడర్లూ (అడ్రస్ వివరాలు) అవీ పోను చేతికొచ్చేది 11, 12 మధ్యే. లింక్ 100కి పడిపోయినట్టుంది. 100కి కేబుల్లోని నాలుగు జతల తీగల్లో రెండు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ఆ మిగతా రెండింట్లో ఏది తెగినా చాలా కార్డులు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. పింగ్‌కి ఇదేం తెలుస్తుంది? విండోస్‌లో అది పంపేది సెకనుకోసారి 32 బైట్లు.

ఐపెర్ఫ్3 వేయండి, రెండు సిస్టమ్‌ల మధ్య లైను వేగం కొలిచే ప్రోగ్రాం అది. కింద సిస్టమ్‌లో "ఐపెర్ఫ్3 -ఎస్", పైన "ఐపెర్ఫ్3 -సి", పక్కన కింద సిస్టమ్ ఐపీ. తర్వాత -ఆర్ (క్యాపిటల్) పెట్టి రెండో వైపు కూడా చూడండి. అది మెమరీ నుంచి మెమరీకే పంపుతుంది, డిస్క్ జోలికి పోదు. సెకనుకు 940 మెగాబిట్ల చుట్టూ వస్తే రాము గారన్నట్టు డిస్కే. 94 దగ్గర ఆగితే డిస్కుని వదిలేయండి.

నెట్_బాబాయ్: ఇంత గొడవెందుకు, ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టుకోక.

ప్యాకెట్_పిచ్చి: బాబాయ్, అది ఇంటర్నెట్‌ని కొలుస్తుంది, రెండు గదుల మధ్య వైరుని కాదు.

కేబుల్_రాము: 32 బైట్లే చిన్నదంటే "పింగ్ -ఎల్ 65500" కొట్టమనండి. అదీ పోతుంది. అప్పుడేమంటారు?

ప్యాకెట్_పిచ్చి: అదీ సెకనుకోసారే కదండీ. మొత్తం కలిపితే సెకనుకు అర మెగాబిట్. 100 లింక్ మీద హాయిగా పోతుంది. సైకిల్ వెళ్లింది కాబట్టి లారీ కూడా పడుతుందన్నట్టుంది మీ వాదన.

కేబుల్_రాము: పోతుందని ఒప్పుకున్నారుగా. అంతే.

వైఫై_వనజ: ఫైర్‌వాల్‌లో 5201 పోర్టు తెరవండి, లేకపోతే ఐపెర్ఫ్3 కనెక్టే అవదు.

ప్యాకెట్_పిచ్చి: రాము గారూ, మీరు కావాలనే అర్థం కానట్టు మాట్లాడుతున్నారు.

కేబుల్_రాము: అవును, కావాలనే! ఏసీ గదిలో కూర్చుని కమాండ్లు చెప్పడం సులువు. ఒక హాస్టల్‌కి నాలుగు అంతస్తులూ వైరు లాగాను. ఓనరు ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చూపించి సగం డబ్బు ఎగ్గొట్టాడు. ఆ పూట వాళ్ల ఇంటర్నెట్ లైనే సరిగ్గా లేదు. చెప్తే విన్నాడా? ఇప్పుడు మీరింకో అంకె నేర్పిస్తున్నారు. రేపు ప్రతి ఓనరూ 940 రాలేదని బ్యాలెన్స్ ఆపుతాడు. పాయింటుకింతని బేరమాడతారు, టెస్టింగ్‌కి పైసా ఇవ్వరు.

ప్యాకెట్_పిచ్చి: అదీ సంగతి. ముందే చెప్పొచ్చుగా! ఆ హాస్టల్‌లో ఐపెర్ఫ్3 వేసి ఉంటే మీ వైరు తప్పు లేదని తేలేది.

కేబుల్_రాము: వేయడానికి రెండు ల్యాప్‌టాప్‌లు కావాలి, ఒక్కో పాయింటుకీ టైం కావాలి. ఆ కూలి ఎవరిస్తారు, మీరా?

వైఫై_వనజ: ఈ ప్రశ్నకి జవాబు చెప్పండి పిచ్చి గారూ.

స్టూడియో_గుంటూరు: వేశాను. రెండు వైపులా 94. పై గది గోడ సాకెట్ విప్పితే గోధుమరంగు జతలో ఒక తీగ స్లాట్‌లోకి దిగకుండా పైనే వేలాడుతోంది. దాన్ని స్లాట్‌లోకి నొక్కించి పంచ్ చేయించాక 941 వచ్చింది. మిగతా పాయింట్లకి డబ్బు ఈ రోజే పంపిస్తా. ఈ ఒక్కదానికీ ఇమ్మంటారా?

కేబుల్_రాము: ఇవ్వాలి. ఇప్పుడు పని చేస్తోందిగా.

ప్యాకెట్_పిచ్చి: మళ్లీ వచ్చి పంచ్ చేసింది మీ వైరింగ్ చేసినాయనేనా, వేరే మనిషా? వేరే మనిషైతే ఆ కూలి ఇందులో తగ్గించండి.

కేబుల్_రాము: చూశారా, అప్పుడే కోత మొదలైంది.