తప్పుకు మెమో ఇచ్చే బడిలో పిల్లలు సొంతంగా ఆలోచిస్తారా?

సైన్స్ టీచర్, ఒంగోలు వైపు:
మొన్న తనిఖీకి వచ్చినవాళ్లు మా ఎనిమిదో తరగతి నోట్సులు తిరగేశారు. విత్తనం మొలకెత్తాలంటే ఏం కావాలో తెలుసుకోవడానికి పిల్లలతో శనగలు నానబెట్టించి, చూసింది చూసినట్టు రాయమన్నాను. ఒకడు "చీకట్లో పెట్టినవి కూడా మొలిచాయి" అని రాశాడు. ఒకమ్మాయి "నీళ్లు ఎక్కువైతే కుళ్లాయి" అని రాసింది. అక్షర దోషాలు బోలెడు. తనిఖీకి వచ్చినవాళ్లు చూసింది ఆ దోషాలనే. దిద్దలేదని మెమో వచ్చింది. పక్క సెక్షన్‌లో బోర్డు చూసి అందరూ ఒకేలా దింపేసిన నోట్సులకు మాత్రం మెప్పు. ఆ రోజు నుంచి నేనూ జవాబులు బోర్డు మీదే రాస్తున్నాను. రెండు వారాలు తిరక్కుండానే ఏది అడిగినా పిల్లలు "మీరే రాయండి సార్" అంటున్నారు. నా భయం వాళ్లకు పాకింది.

ఒక తండ్రి, కావలి:
సార్, మీ బాధ అర్థమైంది. కానీ మా పాప పదో తరగతి. నేను రొయ్యల చెరువు దగ్గర పని చేస్తాను, ట్యూషన్ పెట్టించలేను. నోట్సులో తప్పు ఉండిపోతే మా ఇంట్లో దిద్దేవాళ్లు లేరు. పేపర్లు దిద్దేవాళ్లు శనగల సంగతి అడగరు. తనిఖీ ఉండాల్సిందే.

రిటైర్డ్ హెచ్‌ఎం, నెల్లూరు:
దిద్దకపోవడం వేరు, తప్పుకు చోటివ్వడం వేరు. శ్రీహరికోట అప్పట్లో మన జిల్లానే. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు నడిపింది కలాం గారు. విలేకరుల ముందు బాధ్యత తీసుకుంది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు. లోపం ఎక్కడుందో వెతికి సరిచేశారు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది.

నేను అలా నిలబడలేకపోయాను. మెమో వస్తే టీచరు చేతిలో పెట్టేసేవాణ్ణి. స్టాఫ్ మీటింగులో సర్క్యులర్లు చదివి ముగించేవాణ్ణి. "ఈ నెల మీ క్లాసులో ఏది కుదరలేదు?" అని ఒక్కసారీ అడగలేదు. మీటింగులో నోరు విప్పే వీల్లేని టీచరు క్లాసులో పిల్లల్ని ఎలా మాట్లాడనిస్తారు?

సైన్స్ టీచర్, ఒంగోలు వైపు:
అన్నా, ఇంట్లో దిద్దేవాళ్లు లేరన్న మాట నాకు గట్టిగా తగిలింది. సోమవారం నుంచి ఎడమ పేజీలో పిల్లల సొంత రాత, కుడి పేజీలో దిద్దాక రాసిన జవాబు. పరీక్షకు చదవాల్సింది కుడివైపు ఉంటుంది. దీనివల్ల సిలబస్ కొంత వెనకబడుతుంది, కాదనను. ఈసారి ఎవరైనా అడిగితే తానే జవాబు చెబుతానని మా హెచ్‌ఎం మేడమ్ అన్నారు. శనగలు మళ్లీ నానబెట్టాం.