ప్యాకెట్ తిండి: తప్పు ఉప్పు, చక్కెరలదా, తయారీ పద్ధతిదా?

వేకువ: అల్ట్రా ప్రాసెస్డ్ తిండితో, అంటే వంటింట్లో వాడని పదార్థాలు కలిపి ఫ్యాక్టరీలో చేసే తిండితో షుగర్, గుండె జబ్బులు వస్తాయంటున్నారు. అందులోని ఉప్పు, చక్కెర, కొవ్వు తగ్గిస్తే సరిపోతుందా? లేక ఆ తయారీలోనే తేడా ఉందా?

నిప్పురవ్వ: తయారీలోనే ఉంది. 2019లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుని చూసింది. రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలు వంట. వాళ్ల ముందు పెట్టిన తిండిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానమే. తినగలిగినంత తినమన్నారు. ప్యాకెట్ తిండి తిన్నప్పుడు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ లాగించారు, కిలో దాకా పెరిగారు. ఇంత తెలిశాక కూడా పిల్లల చేతికి ప్యాకెట్ ఇచ్చేవాళ్లు తెలిసి విషం పెడుతున్నట్టే.

గోధుమగింజ: పీచు ఎలా సమానమైందో కూడా చెప్పండి. పానీయాల్లో కలిపారు. తినే పదార్థం వరకే చూస్తే ప్యాకెట్ తిండిలో ఒక్కో ముద్దకు కేలరీలు ఎక్కువ, పైగా వాళ్లు గబగబా తిన్నారు. ఇంకో సంగతి. నేను కొనే ముడి గోధుమ బ్రెడ్‌లో ఒక్క ఎమల్సిఫయర్ (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం) ఉంది. అందుకని, తయారీని బట్టి తిండిని నాలుగు వర్గాలు చేసే నోవా వర్గీకరణలో అది నాలుగో వర్గం, అంటే అల్ట్రా ప్రాసెస్డ్, కూల్‌డ్రింక్ పక్కన. ఇదేం లెక్క?

బాటసారి: లేబుల్‌లో వంటింట్లో లేని పేరు కనిపిస్తే కొనకండి. అంతే.

నిప్పురవ్వ: ఒక్క బ్రెడ్ పట్టుకుని ఎంతసేపండీ? 2024లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో దాదాపు 99 లక్షల మంది లెక్కలున్నాయి. టైప్ 2 షుగర్‌కీ, గుండె జబ్బు మరణాలకీ సంబంధం గట్టిగా కనిపించింది.

గోధుమగింజ: సంబంధం కనిపించింది, కారణం తేలలేదు. రకాలవారీగా విడదీసిన అధ్యయనాల్లో ముప్పు ఎక్కువగా కనిపించింది తీపి పానీయాలతో, ప్రాసెస్ చేసిన మాంసంతో. అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

నిప్పురవ్వ: కంపెనీలవాళ్లు చెప్పేదీ ఇదే.

గోధుమగింజ: నాకే కంపెనీతోనూ పని లేదు. మా పాపకు నాలుగేళ్లప్పుడు హిమోగ్లోబిన్ 8.4, బాగా తక్కువ. అప్పుడు ఐరన్ కలిపిన సీరియల్ తప్ప ఏదీ మింగేది కాదు. నాది నైట్ డ్యూటీ. డైట్ సలహాకు వెళ్తే ఆవిడ డబ్బా చూసి, పాప ముందే "ఇదా మీరు పెట్టే తిండి?" అంది. ఇప్పుడు మీరు విషం అంటున్నారు.

వేకువ: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

నిప్పురవ్వ: మా నాన్న అలాంటి డబ్బానే పదేళ్లు తిన్నారు. ముందువైపు "విటమిన్లు కలిపినది" అని పెద్ద అక్షరాలు. వెనక పదార్థాల్లో రెండో పేరే చక్కెర. షుగర్ ముదిరి కాలి వేళ్లు రెండు తీసేశారు. దానివల్లే వచ్చిందని నేను నిరూపించలేను. కానీ ఆయన మంచిదనుకునే తిన్నారు. పోషకాలు చూడండి అని ఎవరన్నా నాకు ఆ డబ్బానే గుర్తొస్తుంది.

గోధుమగింజ: అయితే మీ కోపం ఆ అక్షరాలు రాసినవాళ్ల మీద. మరి నన్నెందుకన్నారు?

నిప్పురవ్వ: విషం మాట తప్పే, క్షమించండి. చెరిపేస్తున్నాను. కానీ డబ్బా ముందువైపు విటమిన్ల పేర్లు అసలు రాయనివ్వకూడదు.

గోధుమగింజ: చక్కెర దండిగా ఉన్నదాని మీద వద్దు, ఒప్పుకుంటాను. అన్నిటి మీదా తీసేయమంటే ఒప్పుకోను. ఐరన్ ఉందని రాసి ఉండబట్టే ఆ రోజు నేను ఆ డబ్బా తీసుకున్నాను.