0844 నంబరు, 28 పౌండ్ల బిల్లు: యూకేకి కొత్తగా వచ్చినవాళ్లకి

లెస్టర్ నుంచి ప్రశ్న: అన్‌లిమిటెడ్ కాల్స్ ప్లానేనండీ. ఒక 0844 నంబరుకి 40 నిమిషాలు లైన్లో ఉంటే విడిగా 28 పౌండ్ల 80 పెన్స్ వేశారు. బిల్లు తప్పా? అలాగే, ఇండియా నంబర్లు కొన్ని కలవట్లేదు.

స్లౌ నుంచి జవాబు: తప్పు కాదు తమ్ముడూ. అన్‌లిమిటెడ్ అంటే 01, 02, 03తో మొదలయ్యేవి, మామూలు 07 మొబైళ్లు. 084, 087, 09, 118లకి ధర రెండు ముక్కలు: సర్వీస్ ఛార్జి అవతలివాళ్లది, యాక్సెస్ ఛార్జి నీ సిమ్ కంపెనీది. 084కి సర్వీస్ ఛార్జి నిమిషానికి 7 పెన్స్ మించకూడదు, 087కి 13. యాక్సెస్ ఛార్జి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. నీ బిల్లుని 40తో భాగించు, 72 వస్తుంది. అందులో గరిష్ఠంగా 7 పోయినా కనీసం 65 నీ సిమ్ వాడే తిన్నాడు! నంబరు పక్కన ప్రకటనలో వేసేది సర్వీస్ ఛార్జి ఒక్కటే. రెండోది నీ ప్లాన్ ధరల పట్టికలో వెతుక్కోవాలి. హోల్డ్‌లో పాట వినిపిస్తున్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది.

బర్మింగ్‌హామ్: ముందు అది ఎవరి నంబరో చూడండి. నువ్వు ఇప్పటికే కొన్న వస్తువు గురించి చేసే కాల్‌కి మామూలు రేటు కన్నా ఎక్కువ తీసుకోకూడదని 2014 జూన్ నుంచి రూలు. ఎక్కువైనంత మేర ఆ వ్యాపారి తిరిగివ్వాలి. బిల్లు జత చేసి రాతపూర్వకంగా అడుగు. అయితే గూగుల్‌లో పైన కనిపించే 084 నంబర్లు కొన్ని అసలు ఆఫీసువి కావు, మధ్యవర్తులవి. కాల్‌ని అటు కలిపి డబ్బు గుంజుతారు. నంబరు ఆఫీసు సొంత సైటు నుంచే తీసుకో.

క్రాయ్‌డన్: 0845 లోకల్ రేటే కదా. 0800కి మాత్రం మొబైల్ నుంచి డబ్బులు పడతాయి, ల్యాండ్‌లైన్ వాడమనండి.

స్లౌ: అన్నగారూ, అది పాత కాలం మాట. 0800, 0808 మొబైల్ నుంచి కూడా 2015 జులై 1 నుంచి ఉచితం. 0845ది ఇప్పుడు పైన చెప్పిన రెండు ముక్కల లెక్కే. 070 అని కనిపిస్తే మొబైల్ అనుకోకండి, అది వేరే తరగతి. 07624 ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిది, 07797 జెర్సీ దీవిది. చాలా ప్లాన్లలో ఇవి అన్‌లిమిటెడ్ కిందికి రావు.

బర్మింగ్‌హామ్: ఇండియా సంగతి. కాంటాక్టులన్నీ ప్లస్ 91తో సేవ్ చేసుకో, ముందున్న సున్నా తీసెయ్. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ ప్లస్ 91 40, ఆపైన ఎనిమిదంకెలు. ఇండియా 1800 నంబర్లు ఇక్కడి నుంచి సాధారణంగా కలవవు. మీ బ్యాంకు విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇచ్చే నంబరు వేరే ఉంటుంది, అది రాసిపెట్టుకో. ఇంట్లోవాళ్లు నీకు చేసేటప్పుడూ ప్లస్ 44 తర్వాత 07లోని సున్నా వద్దని చెప్పు, రెండూ నొక్కితే కలవదు.

క్రాయ్‌డన్: లండన్ కోడ్ 0207కి కూడా అంతే.

స్లౌ: 0207 కోడ్ కాదు మహానుభావా! కోడ్ 020, నంబరు 7తో మొదలయ్యే ఎనిమిదంకెలు.

క్రాయ్‌డన్: మా వీధి బోర్డులన్నీ 0207 అనే రాస్తాయి.

స్లౌ: బోర్డు రాసినవాడికి ఫోన్ చేసి చెప్పండి. 03 నంబరైతేనే.