మాంచెస్టర్ యునైటెడ్ తాత్కాలిక మేనేజర్ ఓలేకి ఇప్పుడే పర్మనెంట్ ఇచ్చేయాలా? మే దాకా ఆగలేమా?

వైజాగ్_రెడ్ | 7 మార్చి 2019

రాత్రి నిద్ర లేదు. ఒంటిగంటన్నరకి పారిస్‌లో పీఎస్‌జీతో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్. నాన్న లేస్తారని సౌండ్ తీసేసి హాల్లో చూశాను. 94వ నిమిషంలో రాష్‌ఫోర్డ్ పెనాల్టీ కొట్టగానే దిండులో మొహం పెట్టి అరిచాను. మొదటి మ్యాచ్ మన ఓల్డ్ ట్రాఫోర్డ్‌లోనే 0-2 ఓడాం, పోగ్బాకి సస్పెన్షన్, సగం జట్టుకి గాయాలు. అలాంటిది పారిస్ వెళ్ళి 3-1!

పొద్దున్నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, "ఓలేకి కాంట్రాక్ట్ ఇచ్చేయాలి" అని. 17 మ్యాచ్‌ల్లో 14 గెలుపులు, 2 డ్రాలు, ఒక్క ఓటమి. ఎవరు కాదంటారు? ఓలే అంటే నాకూ ప్రాణమే.

నా టెన్షన్ వేరు. పాత మేనేజర్ మోరిన్యోని పంపేసిన రోజున సీజన్ చివరి దాకానే అన్నారు కదా, మే దాకా ఆగితే పోయేదేముంది? ఆయన్ని ఎవరైనా ఎత్తుకుపోతారా? అసలు కొనుగోళ్ళు ఎవరు చూస్తున్నారు? నిరుడు వేసవిలో మోరిన్యో డిఫెన్స్‌కి సెంటర్ బ్యాక్ కావాలని నెత్తీ నోరూ బాదుకున్నాడు. వచ్చింది ఫ్రెడ్, డాలో, మూడో కీపర్‌గా లీ గ్రాంట్. జనవరిలో ఎవర్నీ కొనలేదు, ఫెలైనీని చైనాకి అమ్మేశారు. పాత డిఫెండర్లు స్మాలింగ్‌కి, ఫిల్ జోన్స్‌కి మాత్రం కొత్త కాంట్రాక్టులు! డిఫెన్స్ బాగుచేద్దామనుకునే క్లబ్ చేసే పనేనా ఇది?

ఓలేనా, టోటెన్‌హామ్ మేనేజర్ పోచెటినోనా అన్నది కాదు నా ప్రశ్న. ఎవరొచ్చినా చివరికి కొనేది క్లబ్ నడిపే వుడ్‌వర్డే అయితే ఏం మారుతుంది?

కూకట్‌పల్లి_నెం20

బ్రో, పండగ పూట ఈ లెక్కలెందుకు? డిసెంబర్‌లో లివర్‌పూల్ చేతిలో 1-3 ఓడిన రోజు పోగ్బా బెంచీ మీద నుంచి లేవలేదు. వారం తిరగ్గానే అదే మనిషి ఆడిన ఆట చూశావా? కొత్తగా ఒక్కర్నీ కొనకుండానే ఇదంతా వచ్చింది. మే దాకా నాన్చితే ఆటగాళ్ళకి కూడా ఈయన ఉంటాడో పోతాడో అన్న అనుమానం వస్తుంది. సంతకం పెట్టించేయాలంతే.

గుంటూరు_గన్నర్

ఆర్సెనల్ వాణ్ణి, పొరుగింటి గొడవలో తల దూరుస్తున్నాను, ఏమనుకోకండి. కొత్త అల్లుడు వచ్చిన మొదటి సంక్రాంతికి ఇంట్లో అందరూ నవ్వుతూనే ఉంటారు. చెల్సీలో డి మాటియో ఏమయ్యాడో గుర్తుందిగా? తాత్కాలికంగా వచ్చి 2012 మేలో ఏకంగా ఛాంపియన్స్ లీగే గెలిచాడు. జూన్‌లో పర్మనెంట్ చేశారు, నవంబర్‌లో తీసేశారు.

సరే, ఆదివారం మా మైదానం ఎమిరేట్స్‌కి దయచేయండి. మర్యాదలు బాగానే చేస్తాం.

సాల్ఫోర్డ్_స్టూడెంట్

వైజాగ్ అన్నా, నీ ప్రశ్నకి జవాబు ఇదే ఊళ్ళో ఉంది, కాకపోతే నీలం రంగులో. మాంచెస్టర్ సిటీ వాళ్ళు 2012లోనే కొనుగోళ్ళు చూసే డైరెక్టర్‌గా చికీ బెగిరిస్తైన్‌ని తెచ్చుకున్నారు. మేనేజర్‌గా గ్వార్డియోలా వచ్చింది 2016లో. అంటే ఇల్లు కట్టి, సామాన్లు సర్ది, ఆ తర్వాత పెద్దాయన్ని పిలిచారు. లివర్‌పూల్‌లో మైకేల్ ఎడ్వర్డ్స్ స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాక సలా వచ్చాడు, 7.5 కోట్ల పౌండ్లు పెట్టి వాన్ డైక్‌ని తెచ్చారు. మనకి ఆ కుర్చీయే లేదు. ఒక మేనేజర్ అడిగిన ఆటగాడు ఇంకో మేనేజర్ చేతిలో పడతాడు, ఆయనకేమో వాడు పనికిరాడు. సాంచెజ్ విషయం చెప్పక్కర్లేదు.

ఓలేని ఉంచుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ కుర్చీ నింపాక ఉంచుకోమంటాను.

వైజాగ్_రెడ్ | 28 మార్చి

ఇచ్చేశారు. మూడేళ్ళు. పారిస్ తర్వాత ఆడినవి రెండు మ్యాచ్‌లు, రెండూ ఓడాం. ఎమిరేట్స్‌లో 0-2, కప్‌లో వుల్వ్స్ చేతిలో 1-2. గుంటూరు బాబాయ్, మర్యాదలు అందాయి.

కూకట్‌పల్లి_నెం20

మంచి వార్త చెప్తూ కూడా ఏడుపేనా బ్రో!

వైజాగ్_రెడ్ | 13 మే

ఓలే మొదటి మ్యాచ్ కార్డిఫ్ మీద, 5-1. నిన్న సీజన్ చివరిది, మళ్ళీ కార్డిఫే. అప్పటికే కింది డివిజన్‌కి పడిపోయిన జట్టు. మన మైదానంలో మనమే 0-2 ఓడాం. పారిస్ తర్వాత 12 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి రెండు. వాటిలో వెస్ట్‌హామ్ మీద కొట్టిన రెండు గోల్సూ పెనాల్టీలే. ఆయన వచ్చినప్పుడు ఆరో స్థానంలో ఉన్నాం, ఇప్పుడూ ఆరే.

మార్చిలో కాంట్రాక్ట్ ఇచ్చేయమన్న మా గ్రూపులోనే ఇప్పుడు తీసేయమంటున్నారు. నేను వద్దంటున్నాను. ఈ ఆటగాళ్ళతో ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఈ వేసవి చూడనివ్వండి.

నిన్న మ్యాచ్ సాయంత్రం ఏడున్నరకి కదా, సౌండ్ పెట్టుకునే చూశాను. నాన్న పక్కనే కూర్చుని పేపర్ చదువుతూ "ఇంకా ఈ జట్టేనా?" అన్నారు.

సాల్ఫోర్డ్ తమ్ముడూ, ఆ కుర్చీ సంగతి అక్కడ ఏమైనా వినపడుతోందా?