అప్‌డేట్: సింహం పిల్లల ట్రిప్ మానేశాం, తాబేళ్ల దగ్గరికి పంపుతున్నాం

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయిని సెలవుల్లో దక్షిణాఫ్రికాకు వాలంటీర్‌గా పంపొచ్చా, సింహం పిల్లలకు సీసాతో పాలు పట్టే పనట అని అడిగాను కదా. పంపడం లేదండీ. ఈ గ్రూపులో మీరు చెప్పినట్టే, ట్రిప్ ఏర్పాటు చేసే అమీర్‌పేట ఏజెంటును, "పెద్దయ్యాక ఆ పిల్లలు ఎక్కడికి పోతాయి?" అని అడిగాను. "అవన్నీ అక్కడివాళ్లు చూసుకుంటారు మేడమ్" అంటూ ఫీజు కాగితం ముందుకు జరిపాడు. మనుషుల చేతుల్లో పెరిగిన సింహం అడవిలో బతకడం చాలా కష్టం. అక్కడ ఇలాంటి ఫారాల్లో పెరిగినవాటిని కంచె లోపలే వేటాడేవాళ్లకు అమ్మడం కూడా ఉంది. అది చదివాక కడుపు తరుక్కుపోయింది.

ఇప్పుడు మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో, టోర్టుగెరో అనే సముద్ర తీరంలో తాబేళ్ల వాలంటీర్ పని ఖాయం చేశాం. జులై నుంచి అక్టోబరు దాకా అక్కడ పచ్చ తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. రాత్రిపూట బీచ్ వెంట నడవాలి. తెల్ల టార్చి వాడకూడదు, ఎర్ర లైటే. తాబేలు గొయ్యి తవ్వుతున్నంతసేపూ దూరంగా కదలకుండా ఉండి, గుడ్లు పెట్టడం మొదలయ్యాకే వెనక నుంచి దగ్గరికెళ్లి గుడ్లు లెక్కపెట్టాలి. ఒక్కో గూటిలో సుమారు వంద ఉంటాయి! సెల్ఫీలు అసలే లేవు. మా అమ్మాయికి అదే బాగా నచ్చింది, నాకూ.

విమానం ఖర్చు ఎక్కువే. రాత్రి నడక అంటే మావారికి ఇంకా టెన్షనే. ట్రైనింగ్ అయ్యాకే, టీమ్ లీడర్‌తోనే పంపుతామని ఆ తాబేళ్ల పని నడిపేవాళ్లతో రాయించుకున్నాం.