సమస్యాపూరణం (తేటగీతి): చైత్రమందున నాకులు జారె నేల

నిర్వాహకుడు (మెల్‌బోర్న్):
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం.

చైత్రమందున నాకులు జారె నేల

చైత్రం మనకు చిగురు వేసే నెల. ఆకు రాల్చడం శిశిరం పని. అందుకే ఇది సమస్య. కానీ మెల్‌బోర్న్‌లో మార్చి అంటే ఎండాకాలం వెళ్ళిపోయి చలి అడుగు పెట్టే వేళ. ఉగాది పచ్చడి కలిపే నాటికి మా వీధి చెట్లు పసుపెక్కడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) సీజన్ కూడా మొదలవుతుంది. ఏటా ఆ తొలి వారాల్లోనే ఎవరో ఒక పెద్ద ఆటగాడు ఫామ్ పోగొట్టుకుంటాడు, పేపర్లు అతని మీద పడతాయి. అందుకని ఈసారి ఒక నియమం పెడుతున్నాను: పూరణలో ఫుటీ ఉండాలి.

ఆట తెలియని వారికోసం నాలుగు మాటలు. మైదానంలో ఒక్కో జట్టుకు 18 మంది. బంతి కోడిగుడ్డు ఆకారం. ఒక్కో చివర నాలుగు కంబాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే 1 పాయింటే. మార్చిలో మొదలైన ఆట సెప్టెంబర్ చివర ఫైనల్‌తో ముగుస్తుంది. అప్పుడు మాకు వసంతం.

తార్నీట్ తమ్ముడు:
గురువుగారూ, నా ప్రయత్నం.

దక్షిణపు దేశమందున దారి వేరు
మార్చి నెలనుండి చలిగాలి మఱలి వచ్చు
తెలుగువారి యుగాదికిఁ దిరిగి చూడ
చైత్రమందున నాకులు జారె నేల

తెనాలి పద్యాభిమాని:
తమ్ముడూ, ధార బాగుంది. గణాలు, యతులు సరిపోయాయి. ఒక్క చోట ఆగాలి. ‘చూడ’ అనేది ‘చూడన్’. ద్రుతం (చివరి నకారం) ఉంది కాబట్టి తర్వాతి చకారం జకారం కావాలి. అప్పుడు ‘చూడఁ జైత్రమందున’ అవుతుంది. సమస్య పాదమే మారిపోతుంది. ‘తిరిగి చూడు’ అంటే సరిపోతుంది.

నిర్వాహకుడు:
నేనూ అదే రాయబోయాను. పాదం చివర కదా అని చాలామంది ద్రుతాన్ని వదిలేస్తారు. ఇక్కడ అన్వయం ఆగకుండా సాగుతోంది కనుక వదలడానికి లేదు. ‘చూడు’ కళ, అంటే ద్రుతం లేని మాట, దానితో ఇబ్బంది లేదు. సమస్యను ‘నేల మీదికి జారెను’ అనే అర్థంలో చక్కగా విడదీశావు. కానీ ఫుటీ ఎక్కడ? నియమం తప్పింది. ఇంకొకటి రాయాలి.

బ్రిస్బేన్ అక్కయ్య:
మా ఊరి జట్టు గురించి రాయకుండా ఉండలేకపోయాను.

సింగముల పేరు గల జట్టు సిగ్గుపడియె
మొదట మూడాట లోడెను మొగము వాడి
తుదకు సెప్టెంబరునఁ గప్పు దొరకె నంట
చైత్రమందున నాకులు జారె నేల?

ఇది 2024 సంగతి. బ్రిస్బేన్ లయన్స్ వరుసగా మొదటి మూడు ఆటలూ ఓడిపోయింది. అంతకు ముందు ఏడాది ఫైనల్ ఆడిన జట్టు అది! సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకాన్ని రెండు సార్లు గెలిచిన లాకీ నీల్ ఉన్న జట్టు. ఇక పని అయిపోయిందన్నారు. సెప్టెంబర్ 28న ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో) జరిగిన ఫైనల్లో సిడ్నీ మీద 120–60తో గెలిచాం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

నిర్వాహకుడు:
అక్కయ్యా, చాలా మంచి పూరణ. ‘జారె నేల’ను ‘జారెన్ + ఏల’ అని విడదీసి ప్రశ్నగా మార్చడం ఈ వారానికి కొత్త దారి. చివరికి కప్పే వచ్చినప్పుడు మొదట ఆకులెందుకు రాలాయి అని అడిగారు. ‘సెప్టెంబరున’ అన్యదేశ్యమైనా ఆట అక్కడిదే కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

తెనాలి పద్యాభిమాని:
అమ్మా, పద్యం నిర్దోషం. కానీ పంచాంగం చూశాను. 2024లో ఉగాది ఏప్రిల్ 9. మీరు చెప్పిన మూడు ఓటములూ మార్చిలోవి. అంటే ఫాల్గుణం. చైత్రంలో ఆకులు రాలినట్టెలా?

బ్రిస్బేన్ అక్కయ్య:
నమస్కారం బాబాయ్‌గారూ. మీ ప్రశ్న సరైనదే. ఆ తర్వాత రెండు గెలిచి, ఏప్రిల్‌లో మళ్ళీ రెండు ఓడిపోయారు. ఏప్రిల్ 25, అన్జాక్ డే (ఇక్కడి సైనిక సంస్మరణ దినం) నాటికి ఏడు ఆటల్లో గెలిచినవి రెండే. ఆ రెండు ఓటములూ చైత్రంలోనే. పద్యంలో ఆ మూడింటినే చెప్పాను, రాలడం మాత్రం చైత్రంలోనూ ఆగలేదు.

తెనాలి పద్యాభిమాని:
అలాగైతే ఒప్పుకుంటున్నాను తల్లీ.

తార్నీట్ తమ్ముడు:
ఇదిగో గురువుగారూ, ఈసారి ఫుటీతో.

ఆఱు రావలె నొక్కటే యబ్బె నిపుడు
కంబములు నాల్గు కదలిన కరణిఁ దోఁచె
మేటి వీరుని గుఱి తప్పె మెలకువ చెడి
చైత్రమందున నాకులు జారె నేల

నిర్వాహకుడు:
రెండో పాదం నాకు ఎంతో నచ్చింది. మార్క్ పట్టి (తన్నిన బంతిని గాలిలోనే పట్టి), విజిల్ విన్నాక, ఎవరూ అడ్డు లేకుండా తన్నే బంతి కూడా పక్క సందులోకి పోతున్న రోజుల్లో ఆటగాడికి సరిగ్గా అలాగే ఉంటుంది. కంబాలు కదిలినట్టే ఉంటుంది. ‘ఆఱు’, ‘ఒక్కటి’ లెక్క కూడా ఆట తెలిసినవాడు రాసినదే.

అయితే చివరి పాదం విడిగా నిలబడిపోయింది. పైన వీరుడు, కింద ఆకులు. రెండింటినీ కలిపే మాట లేదు. మూడో పాదాన్ని ‘మేటి వీరుని గుఱి తప్పె మిత్రులార!’ అని మారిస్తే, చివరి పాదం మిత్రుల్ని అడిగే ప్రశ్న అవుతుంది. యతి కూడా చెడదు.

ఇంకో విషయం. ‘మెలకువ చెడి’ అన్నమాట తీసేయమనడానికి అన్వయం ఒక్కటే కారణం కాదు. నాకు ఆ మాటే నిజం అనిపించలేదు. మార్చిలో గురి తప్పినంత మాత్రాన విద్య పోయినట్టు కాదు. ఎండాకాలంలో సర్జరీ అయి, సరిగా ప్రాక్టీస్ లేకుండా దిగినవాడు ఉంటాడు. నీడలా వెంటాడే ట్యాగర్ ఉంటాడు, అతని పనల్లా స్టార్ చేతికి బంతి అందకుండా చూడటమే. మిడ్‌ఫీల్డర్ ఒక్కో ఆటలో పది కిలోమీటర్లకు పైగా పరుగెత్తాలి, కాలు కొంచెం బరువెక్కినా తేడా కనిపిస్తుంది. రిచ్‌మండ్ జట్టు ఆటగాడు డస్టిన్ మార్టిన్ 2019 సీజన్ మొదట్లో సస్పెండయ్యాడు. అదే ఏడాది ఫైనల్లో నాలుగు గోల్స్ కొట్టి, ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం తీసుకున్నాడు. రిచ్‌మండ్ 89 పాయింట్ల తేడాతో గెలిచింది. మెలకువ చెడినవాడు ఆరు నెలల్లో అలా ఆడగలడా?

తార్నీట్ తమ్ముడు:
ఒప్పుకుంటున్నాను గురువుగారూ. ‘మిత్రులార’ అనే తీసుకుంటాను. కానీ అందరికీ మార్చి అచ్చిరానిది కాదు సుమా. లాన్స్ ఫ్రాంక్లిన్ వెయ్యో గోల్ కొట్టింది 2022 మార్చి 25న, సిడ్నీలో. జనం వేలమంది మైదానంలోకి పరుగెత్తారు. ఆ వీడియో ఇప్పటికీ చూస్తుంటాను.

నిర్వాహకుడు:
నిజం. ఆ చెట్టు ఆ ఏడాది ఆకు రాల్చలేదు.

వరంగల్ విద్యార్థి:
నమస్కారం అండి. నేను పద్యాలు రాయడం మొదలుపెట్టి ఆరు నెలలే అయింది. ఫుటీ ఎప్పుడూ చూడలేదు. మీ చర్చ చదివి కార్ల్‌టన్ జట్టు ఆటగాడు పాట్రిక్ క్రిప్స్ గురించి వెతికి రాశాను. తప్పులుంటే చెప్పండి.

వెన్ను నొచ్చిన వీరుఁడు విడువ కాడె
నింద లెన్నియొ మోసెను మౌనముగను
మఱుసటేఁటనె పతకమ్ము మఱి యతనిది
చైత్రమందున నాకులు జారె నేల?

బ్రిస్బేన్ అక్కయ్య:
తమ్ముడూ, ఆట చూడకుండానే మనిషి మనసు పట్టుకున్నావు. కార్ల్‌టన్ వాళ్ళు 2021లో క్రిప్స్‌ను ఎంత తిట్టుకున్నారో నాకు గుర్తుంది. వెన్ను గాయంతో ఆడుతున్నాడని అప్పుడు చాలామందికి తెలియదు. 2022లో బ్రౌన్‌లో గెలిచాడు. 2024లో మళ్ళీ గెలిచాడు, 45 ఓట్లతో. ప్రతి ఆట తర్వాత అంపైర్లే 3, 2, 1 అని ముగ్గురికి ఓట్లిస్తారు. అంపైర్లంతా కలిసి ఆటకు ఒక్కసారే ఓట్లిచ్చే ఈ పద్ధతిలో, ఒక్క సీజన్‌లో అన్ని ఓట్లు అంతకు ముందు ఎవరికీ రాలేదు.

తెనాలి పద్యాభిమాని:
నాయనా, మొదటి పాదం చదివి కాసేపు ఆగిపోయాను. ‘విడువక + ఆడె’ సంధి చక్కగా కుదిరింది. రెండో పాదంలో యతి తప్పింది. ‘నిం’కు ‘మౌ’ చెల్లదు. ‘ని, నె, నే’లతో మొదలయ్యే మాట కావాలి. మూడో పాదంలో ‘మఱి’ యతి కోసం వచ్చిన మాటే, అయినా అర్థానికి అడ్డు రాదు కాబట్టి ఉంచవచ్చు. ‘అతనిది’ తర్వాత ద్రుతం లేదు కనుక ‘చైత్ర’ అలాగే నిలిచింది. ఆరు నెలల్లో అది తెలిసిందంటే సంతోషం.

నిర్వాహకుడు:
‘మౌనముగను’ బదులు ‘నెమ్మదిగను’ పెట్టి చూడు. గణాలు అలాగే ఉంటాయి, యతి కుదురుతుంది. ‘మౌనం’ అంటే ఊరుకున్నాడని మాత్రమే. ‘నెమ్మది’లో ఓర్పు కూడా ఉంది.

వరంగల్ విద్యార్థి:
ధన్యవాదాలండి. సవరించిన పూరణ:

వెన్ను నొచ్చిన వీరుఁడు విడువ కాడె
నింద లెన్నియొ మోసెను నెమ్మదిగను
మఱుసటేఁటనె పతకమ్ము మఱి యతనిది
చైత్రమందున నాకులు జారె నేల?

ఒక సందేహం. ఆటలు ఇక్కడ ఏ టైమ్‌కి వస్తాయి? ఒక్కటైనా పూర్తిగా చూడాలని ఉంది.

తార్నీట్ తమ్ముడు:
మా మధ్యాహ్నం ఆట మీకు ఉదయం వస్తుంది తమ్ముడూ. శనివారం కార్ల్‌టన్ ఆట ఉన్న రోజు నీకు ముందే మెసేజ్ పెడతాను, ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ చూద్దాం.