చైనా మసీదుల గుమ్మటాలు తీసేయడం తప్పా?

కృష్ణలంక_రవి: చైనాలోని యునాన్ రాష్ట్రంలో షాదియాన్ పెద్ద మసీదుకు అరబ్బు తరహా గుమ్మటాలు తీసేసి చైనా తరహా కప్పులు పెట్టారు. 2024లో పని పూర్తయింది. దీనికింత గోలెందుకు? షియాన్ మసీదు చూడండి, మింగ్ రాజుల కాలంనాటిది. గుమ్మటమే లేదు, అన్నీ వంపు తిరిగిన పెంకు కప్పులే. చైనా భాష మాట్లాడే హుయ్ ముస్లింల అసలు పద్ధతి అదే.

సలీమా_కర్నూలు: షియాన్ మసీదు నాకూ ఇష్టమే. మరి 2018 ఆగస్టులో నింగ్‌షియాలోని వెయ్‌జౌ మసీదు ముందు వందలమంది ఎందుకు బైఠాయించారు? కప్పు మార్చమని వాళ్లు అడిగారా?

కృష్ణలంక_రవి: అనుమతుల్లేకుండా కట్టారు, కూల్చేస్తామని అధికారులు నోటీసిచ్చారు. రోడ్డు వెడల్పని మా నాన్న కట్టించిన రామాలయం మండపం కొట్టేశారు. మాకోసం ఎవరొచ్చారు? చట్టం అందరికీ ఒకటే.

పాతరాయి: ఆగ్నేయ చైనాలోని క్వాంజౌ మసీదు 11వ శతాబ్దిలో మొదలైంది. దాని రాతి ద్వారం అరబ్బు తరహాదే.

కృష్ణలంక_రవి: ద్వారం కాదండీ, గుమ్మటం సంగతి చెప్పండి.

డాక్టర్_యిన్‌చువాన్: నేను నింగ్‌షియా రాజధాని యిన్‌చువాన్‌లో ఎంబీబీఎస్ చదివేటప్పుడు హలాల్ హోటళ్ల బోర్డుల మీద అరబ్బీ అక్షరాలు తీసేయించారు. బోర్డుకు కూడా ప్లాను అప్రూవల్ లేదంటారా?

సలీమా_కర్నూలు: గాన్సు రాష్ట్రంలోని లింషియాలో 16 ఏళ్లలోపు పిల్లలకు ఖురాన్ పాఠాలు కూడా ఆపేశారు. 2018–2022కి వేసిన ఐదేళ్ల ప్రణాళిక పేరే ‘ఇస్లాం చైనీకరణ’. రవిగారూ, మండపం పోయినప్పుడు మీ నాన్నగారు కోర్టుకు వెళ్లగలిగేవారు, వీధిలో అరవగలిగేవారు. 2023 మేలో యునాన్‌లోనే ఉన్న నాజియాయింగ్‌లో గుమ్మటం తీసేయడానికి అడ్డం నిలబడ్డవాళ్ల మీదికి పోలీసుల్ని దింపారు.

కృష్ణలంక_రవి: మా నాన్న ఊసెత్తకండి! ఆ బెంగతోనే పోయాడాయన.

సలీమా_కర్నూలు: ఎత్తింది మీరే. అంత బాధ పడ్డ ఇంట్లో పుట్టి, వాళ్లకూ అదే జరగాలంటారేం?

కృష్ణలంక_రవి: సూటిగా చెప్తా వినండి. గల్ఫ్ నుంచి వచ్చే మతం తీరు వేరు. అది పాకకముందే ఆపే హక్కు ఏ ప్రభుత్వానికైనా ఉంది. నా మాట అదీ.

సలీమా_కర్నూలు: ఇందాకటి నుంచీ ఈ మాట కోసమే చూస్తున్నా. ఆ హక్కు ఒప్పుకుంటే పెంకు కప్పుకైనా రక్షణ ఉండదు. షాదియాన్‌లో మూసేసిన మసీదులు తెరవమన్నందుకు 1975లో సైన్యమొచ్చింది. 1,600 మందికి పైగా చచ్చిపోయారు. అప్పుడు గల్ఫ్ ఎక్కడుంది?

కృష్ణలంక_రవి: అది మావో కాలం. ఇప్పటికి ముడిపెట్టకండి.

పాతరాయి: ఆ ఊరే. నాలుగేళ్లకు, 1979లో, తప్పు జరిగిందని ప్రభుత్వమే ఒప్పుకుంది.